పొయ్యి ఎక్కని వంట

కొండాపూర్‌లో మా అమ్మాయి సుధ ఇంట్లో నాకు మర్యాదలకేం లోటు లేదు. టీవీ రిమోటు నా దగ్గరే ఉంటుంది. బాల్కనీలో కుర్చీ నాది. పేపరు నేను చదివాకే అల్లుడు చదవాలి. అతను ఎలాగూ చదవడు కాబట్టి ఆ విషయంలో ఇంతవరకూ పేచీ రాలేదు. వంటింట్లో పొయ్యి ఒక్కటే నేను ముట్టుకోకూడదు. మొన్న వేసవిలో ఓ పొద్దున పాలు పెట్టి, పొంగే లోపల హెడ్డింగులు చూసి వద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. సుధ పక్క గదిలో ఆఫీసు మీటింగు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి కట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. కిటికీలన్నీ తెరిచి, నా పక్కన కూర్చుని, నీకేం కావాలన్నా లక్ష్మి చేసి పెడుతుంది నాన్నా, నువ్వు మాత్రం ఇక స్టవ్ దగ్గరికి వెళ్ళొద్దు అని, చిన్నపిల్లలకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

చెప్పిన మాటలో తప్పేం లేదు. కాకపోతే ఆ పొయ్యితోపాటు ఇంకొకటి కూడా నా చేతిలోంచి పోయింది. మా ఆవిడ పోయి నేను ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ మనవరాలు మిన్ను స్కూలు డబ్బా నేనే కట్టేవాణ్ణి. నా ఉప్మా ఉండలు కట్టేది, నా పులిహోరలో పులుపెక్కువ. అయినా మిన్ను తినేది. పొద్దున లేవగానే ఈ పూట డబ్బాలో ఏం పెడదామా అని ఒక ఆలోచన ఉండేది. దానికోసమే లేచేవాణ్ణి. ఇప్పుడు ఆ పని వంటమనిషి లక్ష్మిది. ఆమె నాకంటే వంద రెట్లు బాగా చేస్తుంది, అదే నా బాధ. డబ్బా తయారై, మూత పడి, సంచిలోకి వెళ్ళిపోతుంటే నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. ఇంట్లో ఉన్న చుట్టాన్నయిపోయానని ఎవరికి చెప్పుకోను?

అలాంటి రోజుల్లోనే, ఒక శనివారం మధ్యాహ్నం, మిన్ను సోఫాలో బోర్లా పడుకుని ఫోనులో ఏదో చూస్తోంది. నేను కళ్ళజోడు సర్దుకుని తొంగి చూశాను. ఎవరో అమ్మాయి టోర్టియా అనే పల్చటి రొట్టె మీద తెల్లగా చీజ్ పూసి, కూరగాయ ముక్కలు చల్లి, చాపలా చుట్టి, చాకుతో బిళ్ళలుగా కోస్తోంది. పొయ్యి అక్కర్లేదు, పది నిమిషాల్లో పిల్లల డబ్బా సిద్ధం అంటోంది. కోసిన ప్రతి బిళ్ళలోనూ ఎరుపూ ఆకుపచ్చా కలిసిన ఒక సుడి కనిపించింది. పిన్‌వీల్స్ తాతయ్యా అని మిన్ను పేరు చెప్పి, ఇంకో వీడియోలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం వెళ్ళలేకపోయాను. ఆ సుడి నాకు తెలుసు. దాన్ని పట్టుకున్న మా అమ్మ చెయ్యి కూడా తెలుసు. ఆ చెయ్యి పోయి ఇన్నేళ్ళయినా, మనసు ఒక్కసారిగా శేరిలింగంపల్లిలో చిన్నప్పుడు మేం కిరాయికున్న యాదమ్మగారి వసారాలోకి వెళ్ళి కూర్చుంది.

ట్రాఫిక్ కనికరిస్తే మా ఫ్లాటు నుంచి ఆ ఇల్లు ఉన్న చోటికి పావుగంట కూడా పట్టదు. నాన్న తెనాలి వైపు నుంచి జీడిమెట్లకి వచ్చి, మందులు తయారుచేసే కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. మొదట ఆ చుట్టుపక్కలే ఉన్నాం. సాయంత్రమైతే గాలిలో కుళ్ళిన గుడ్ల కంపు, నాన్న చొక్కాలో అదే కంపు, ఉతికి ఆరేసిన బట్టల్లోనూ అదే. అమ్మకి అంతకుముందు నుంచే ఉబ్బసం ఉంది. ఆ గాలికి అది ముదిరింది. అందుకని నాన్న తనకి దూరమైనా సరేనని శేరిలింగంపల్లిలో యాదమ్మగారింట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. అక్కడ గాలి మంచిదే. బండలూ సీతాఫలం పొదలూ తప్ప ఏముండేవి గనక! కానీ గాలిని మార్చిన నాన్న పొయ్యిని మార్చలేకపోయాడు. మాది పొట్టు పొయ్యి. రేకు డబ్బాలో నిలువుగా సీసా పెట్టి, చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, సీసా లాగేసి అంటించాలి. అంటుకునే దాకా అది వదిలే పొగ ఇల్లంతా నిండేది. అమ్మ రెండు చేతులతో గుమ్మం పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి వెతుక్కునేది. నేను విసనకర్రతో విసురుతూ పక్కన నిలబడేవాణ్ణి. నాకు విసరడం తప్ప ఏమీ తెలియని వయసు. దవాఖానలో డాక్టరుగారు ఇక పొగ దగ్గరికీ తాలింపు దగ్గరికీ ఈమె వెళ్ళకూడదని గట్టిగా చెప్పేశారు. వారం తిరక్కుండా నాన్న ఊరికి వెళ్ళి తన అక్కయ్యని, అంటే మా అత్తయ్యని, తీసుకొచ్చాడు.

అత్తయ్య భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు. ఒక ట్రంకుపెట్టె, ఒక కవ్వం, బోలెడంత ఓపిక వెంటబెట్టుకుని దిగింది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పొయ్యితో మాట్లాడుతూ వంట చేసేది. అంటుకోకపోతే తిట్టేది, అంటుకుంటే మా తల్లే అనేది. ఆవిడ చారు తాలింపు వేస్తే యాదమ్మగారు వాళ్ళ గదిలోంచే ఈ పూట మీ ఇంట్ల చారు కదా అని అడిగేవారు. తాలింపు వేసే ముందు వంటింటి తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ దోపడం మర్చిపోయేది కాదు, అమ్మ వైపు పొగ రాకూడదని. అమ్మ ఉల్లిపాయ ఒలుస్తానన్నా ఒలవనిచ్చేది కాదు. కంచంలో అన్నం కలిపి, వసారాలో చాప దగ్గరికే తెచ్చి ఇచ్చేది. అత్తయ్య చెడ్డ మనిషి కాదు. అంత మంచిది కాబట్టే అమ్మకి చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు.

అమ్మ రోజంతా ఆ వసారాలో కూర్చునేది. యాదమ్మగారింటి మల్లెపూలు కట్టి ఇచ్చేది, నా చొక్కాలకి బొత్తాలు కుట్టేది, ఊడని బొత్తాలు కూడా. నేను బడి నుంచి రాగానే ముందు నా డబ్బా అడిగేది. మూత తీసి వాసన చూసేది. పెరుగన్నంలో అత్తయ్య అల్లం వేసిందా, మాగాయ పెట్టిందా, అంతా తిన్నావా అని ఆరా తీసేది. బాగుందా అని మాత్రం అడిగేది కాదు. నేను బాగుందనే చెప్తానని ఆవిడకి తెలుసు. ఒకరోజు నాన్న డ్యూటీ దిగి వచ్చి మంచినీళ్ళు తాగుతుంటే, నేను అక్కడే లెక్కలు చేసుకుంటున్న సంగతి మర్చిపోయి, అమ్మ మెల్లగా అంది.

"వీడు నా చేతి తిండి మర్చిపోతాడేమోనండీ."

నాన్న గ్లాసు కింద పెట్టి అమ్మ పక్కనే చాప మీద కూర్చున్నాడు. నేను తలెత్తలేదు. మర్చిపోనమ్మా అని లేచి వెళ్ళి చెప్పాలని ఉంది. ఆ వయసులో ఏ మగపిల్లాడికి నోరు పెగులుతుంది?

దారి చూపించింది యాదమ్మగారు. ఆ రోజుల్లో రేషన్ షాపులో బియ్యంతో పాటు గోధుమలు కూడా అంటగట్టేవాళ్ళు. మా ఇంట్లో వాటి మొహం చూసేవాళ్ళు లేరు. మా వైపు వాళ్ళకి రొట్టె అంటే జ్వరమొచ్చినప్పుడు తినే పథ్యం. అత్తయ్య ఆ గోధుమలన్నీ యాదమ్మగారికి ఇచ్చేసేది. ఆవిడ మరపట్టించి రొట్టెలు చేసుకుని, ఊరికే తీసుకోవడం ఇష్టంలేక నాలుగు మాకూ పంపేవారు. అవి ఎవరూ ముట్టక మూత కింద ఎండిపోయేవి. ఒక సాయంత్రం ఆవిడే రొట్టెల పళ్ళెంతో వచ్చి అమ్మ చాప మీద కూర్చున్నారు.

"ఏంది చెల్లె, దినాం గిట్ల మొగం ఏలాడేసుకొని కూసుంటవ్? పొయ్యి కాడికి పోకుంటే పిల్లగానికి పెట్టరాదా ఏంది? మా అమ్మ శేన్ల కూసొని రొట్టెల ఎల్లిగడ్డ కారం రాసి, సుట్టి మా చేతికిస్తుండె. శేన్ల పొయ్యి యాడుంటది?"

అమ్మ ఆ పళ్ళెం వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే, అత్తయ్య చూడకుండా నా సంచిలో కాగితం పొట్లం ఒకటి పెట్టింది. తెనాలి మనిషి కదా, రొట్టెలో ఏం రాస్తుంది? ఆవకాయ రాసింది. మామూలుగా కాదు, గుజ్జంతా నూనెతో సహా ఉదారంగా రాసింది. రెండో పీరియడ్ అయ్యేసరికి ఆ నూనె కాగితం దాటి, సంచి దాటి, నా నిక్కరు దాకా వచ్చింది. మాస్టారు దెబ్బ ఎక్కడ తగిలిందిరా అని కంగారుపడి నన్ను బెంచీ మీద నిలబెట్టి వెతికారు. ఇంటికొచ్చాక అత్తయ్య ఆ ఎర్రటి సంచిని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది ఆవిడ గొంతులో.

"నేను కాళ్ళూ చేతులూ ఆడుతూ ఇంట్లో ఉండగా పిల్లాడు పథ్యం రొట్టె పట్టుకెళ్తే, చూసేవాళ్ళు నన్నేమనుకుంటారు సుభద్రా?"

అమ్మ బడి డబ్బా జోలికి మళ్ళీ వెళ్ళలేదు. కానీ రొట్టెని వదల్లేదు. నేను బడి నుంచి వచ్చాక తినే చిరుతిండి ఒక్కటి తన చేతిలో పెట్టుకుని, రోజూ ఏదో ఒకటి చేసి చూసేది. నూనె కారేదేదీ పనికిరాదని ఆవకాయతోనే తెలిసింది. పెరుగు రాస్తే రొట్టె నానిపోయింది. టమాటా ముక్కలు నీరు వదిలాయి. చివరికి కుదిరిన పద్ధతి ఇదీ. పుట్నాల పప్పు ఎలాగూ వేయించినదే కాబట్టి మళ్ళీ పొయ్యి అక్కర్లేదు. దాన్ని ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఉప్పు, కారం వేసి చిన్న రోట్లో దంచేది, కారం ఎగిరి దగ్గు తెప్పించకుండా ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని. ఆ పొడిని వెన్నలో మెదిపితే గట్టి ముద్దయ్యేది. కీరదోసకాయ కోరి, ఉప్పు రాసి, చివరి చుక్క దాకా గుడ్డలో పిండేది. అలా పిండేటప్పుడు నుదుటి మీద నరం ఉబ్బేది. రొట్టె అంచుల దాకా ముద్ద రాసి, కీరా చల్లి, కొత్తిమీర తుంచి వేసి, ఇటు చివర నుంచి అటు చివర దాకా సందు లేకుండా చుట్టేది. చల్లారిన గోధుమ రొట్టె చుడితే చిట్లుతుంది కదా, అందుకని ముందే దాన్ని తడిగుడ్డలో కాసేపు ఉంచేది. చుట్టాక మళ్ళీ ఆ గుడ్డలోనే బిగించి, చెంబు కింద పెట్టేది. చాకుతో కోస్తే చుట్ట నలిగిపోతుందని, పూలు కట్టే దారం దాని చుట్టూ తిప్పి, రెండు కొసలూ రెండు వైపులకి లాగేది. బిళ్ళ తెగి కింద పడేది. మధ్యలో సుడి.

ఆ బిళ్ళలకి ఇంకో వాసన కూడా ఉండేది. అమ్మ రొమ్ము మీద నీలగిరి తైలం రాసుకునేది. ఎంత కడుక్కున్నా వేళ్ళకి ఆ వాసన పోయేది కాదు. వెన్నా వెల్లుల్లీ కొత్తిమీరా, వాటి వెనక ఎక్కడో సన్నగా నీలగిరి. రొట్టె రుచే అలా ఉంటుందని చాలా ఏళ్ళు అనుకున్నాను. సాయంత్రం గుమ్మంలో కూర్చుని తింటుంటే అమ్మ నా నోటి వైపే చూసేది. అత్తయ్య అటూ ఇటూ తిరుగుతూ, చూడనట్టు చూసేది. బడి డబ్బా మాత్రం ఆవిడదే. అందులో పెరుగన్నమే.

ఆ వానాకాలం ముసురు పట్టి, వసారాలో బస్తాలో ఉన్న పొట్టంతా తడిసిపోయింది. సీసాలో కిరసనాయిలు అడుగంటింది. సరిగ్గా అప్పుడే అత్తయ్యకి చలిజ్వరం వచ్చి, మూడు దుప్పట్లు కప్పినా వణుకుతూ పడుకుంది. నాన్న మొదటి షిఫ్టుకి వెళ్ళాలి. తినకుండా వెళ్తానన్నాడు, నన్ను బడి మానెయ్యమన్నాడు. పొయ్యి మీద ఏదో ఒకటి పడేస్తానని అత్తయ్య లేవబోయి, గోడ పట్టుకుని కూలబడింది. అమ్మ లేచింది. యాదమ్మగారి తలుపు తట్టి, రొట్టెలు కావాలని అడిగింది. ఆవిడ ఎన్ని కావాలని కూడా అడక్కుండా పిండి తడిపారు. అమ్మ చాప మీదే పీట వేసుకుని కూర్చుంది. రాసింది, చల్లింది, చుట్టింది. ఊపిరి ఈలలా వినిపిస్తోంది, ఆ ముసురుకి అది మామూలే. చేతులు మాత్రం ఆగలేదు. నాన్న క్యారియరు నిండింది, నా డబ్బా నిండింది. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ పూట, అందరికీ తిండి అమర్చిన మనిషి అమ్మ.

అత్తయ్యకి నాలుగు బిళ్ళలు పళ్ళెంలో పెట్టి అమ్మే పట్టుకెళ్ళింది. నేను డబ్బా సంచిలో పెట్టుకుంటూ గుమ్మంలోంచి చూస్తున్నాను. అత్తయ్య ఒక బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకుంది. తర్వాత రెండోది, మూడోది. పళ్ళెం ఖాళీ చేసి, కారం కాస్త తగ్గింది అంది. వంక పెట్టకుండా మెచ్చుకోవడం మా వాళ్ళకి చేతకాదు. అమ్మ నవ్వింది. ఎన్ని నెలల తర్వాత నవ్విందో!

జ్వరం తగ్గి అత్తయ్య మళ్ళీ పొయ్యి అంటించిన రోజు, నా బడి డబ్బా తోమి, పొడిగుడ్డతో తుడిచింది. అలవాటుగా పెరుగన్నం పెడుతుందని చూస్తున్నాను. ఖాళీ డబ్బా తీసుకెళ్ళి అమ్మ చాప పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ ఆ డబ్బాని ఒళ్ళోకి తీసుకుంది. అప్పటి నుంచి నా బడి చదువు అయ్యేదాకా దాన్ని ఇంకెవరూ కట్టలేదు. అమ్మ జబ్బు తగ్గిందని చెప్పను, తగ్గలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ తల దువ్వుకునేది, కీరా అమ్మే మనిషితో గట్టిగా బేరమాడేది, ఊపిరి ఆడని రోజున కూడా రేపటికి వెన్న ఉందా అని అడిగేది. నేను పాలిటెక్నిక్‌లో చేరిన ఏడాది అమ్మ పోయింది. పుట్నాల పొడి సీసాలో ఇంకా మిగిలి ఉంది. అది అయిపోయేదాకా అత్తయ్య నాకు అన్నంలో వేసి పెట్టింది, తను ఒక్కసారి కూడా వేసుకోలేదు.

యాదమ్మగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఐటీ ఆడపిల్లల హాస్టల్ ఉంది. కింద కర్రీ పాయింటు, పైన ఆరేసిన టవళ్ళు. ఆ పిల్లలు పొద్దున్నే వీపున బ్యాగులతో, చేతిలో ఏ డబ్బా లేకుండా బస్సు కోసం పరుగెడుతుంటారు. ఎవరూ పస్తులుండరు, ఫోను తీస్తే ఏదైనా వస్తుంది. మా రోజులు గొప్పవని నేను అనను. ఇప్పుడు చిన్న పంపు నోట్లో పెట్టుకుని పీలిస్తే తగ్గే జబ్బుతో మా అమ్మ పోయింది, ఆ రోజుల్ని ఏమని పొగడను? ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. అప్పుడు మనిషికి చెయ్యడానికి పని లేకుండా పోవడం అరుదు. అందుకే అమ్మ బాధ మా అందరికీ కనిపించింది. ఇప్పుడు ఏ పనీ లేకుండా కూర్చోబెట్టడమే పెద్దవాళ్ళని బాగా చూసుకోవడం.

సోమవారం పొద్దున మిన్ను బడికి వెళ్ళాక ఫ్రిజ్ తెరిచాను. సుధ ఎప్పుడో కొని మర్చిపోయిన టోర్టియా ప్యాకెట్టు కనిపించింది. పుట్నాలు, కొబ్బరి మిక్సీలో వేశాను. మిక్సీ మీద నిషేధం లేదు. లక్ష్మికి భయం పట్టుకుంది. మీరు జర బయట కూసోండి సార్, మేడం చూస్తే నన్నంటది అని బతిమాలింది. పొయ్యి వైపు కూడా చూడనని మాటిచ్చి, బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ టోర్టియా ఎంత విధేయురాలంటే, తడిగుడ్డ అక్కర్లేదు, ఎలా చుడితే అలా చుట్టుకుంటుంది. వెన్న మెదిపాను, కీరా పిండాను. నా నుదుటి మీదా నరం ఉబ్బే ఉంటుంది. దారంతో కోసి ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను. అన్నీ సరిపోయాయి, నీలగిరి ఒక్కటి తప్ప. దాన్ని ఏ కొట్లో కొన్నా లాభం లేదని తెలుసు.

పళ్ళెం పట్టుకుని సుధ గదిలోకి వెళ్ళాను. చెవులకి హెడ్‌ఫోన్లు, రెండు చేతులూ కీబోర్డు మీద. ఎవరికో ఇంగ్లీషులో ఏదో గట్టిగా సర్దిచెబుతోంది. పొద్దుట్నుంచీ కాఫీ తప్ప ఏమీ తినలేదని లక్ష్మి చెప్పింది. మాట ఆపి అవతలివాళ్ళు చెప్పేది వింటుండగా, ఒక బిళ్ళ తీసి నోటి ముందు పెట్టాను. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే నోరు తెరిచింది. నమిలింది. మళ్ళీ తెరిచింది. అలా పళ్ళెం సగం అయ్యాక మీటింగు ముగిసింది. హెడ్‌ఫోన్లు తీసి, ఇంకొకటి తనే తీసుకుని, లక్ష్మి కొత్తగా ఏదో చేసిందే అంది.

లక్ష్మి కాదు, నేనే అన్నాను. సుధ ముందు వంటింటి వైపు చూసింది, తర్వాత నా వైపు. పొయ్యి వెలిగించలేదమ్మా అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. తను చేతిలోని బిళ్ళ తిని, వేళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"రేపు మిన్ను డబ్బాలో ఇవే పెడతావా నాన్నా? ఎల్లుండి కూడా."

పెడతానని తలూపి, నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకున్నాను. అరవై దాటిన మనిషిని. పెళ్ళాం పోయినప్పుడు కూడా నలుగురిలో నిబ్బరంగా ఉన్నవాణ్ణి. మంచం మీద కూర్చుంటే అమ్మ కావాలనిపించింది. డబ్బా నాకిచ్చారని పరుగెత్తుకెళ్ళి అమ్మకి చెప్పాలనిపించింది. ఆ మాట అర్థమయ్యే మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే.